నాన్న గడ్డం, వెచ్చటి నురుగు: ఒక చలికాలం ప్రాజెక్టు డైరీ

కార్తీకం చివర

చింతపల్లిలో చలి దిగింది. పొద్దున ఆరున్నరకి మా స్నానాల గదిలో 12 డిగ్రీలు. ఇంకొన్నాళ్ళు పోతే ఒంటి అంకెలోకి వెళ్తుంది. నాన్నకి ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి కాబట్టి గడ్డం నేనే గీస్తాను. చర్మం పల్చబడింది గానీ గడ్డం మాత్రం ఇప్పటికీ గరుకే. సబ్బు, బ్రష్షు, మూడు ముక్కల రేజరు. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురుగు ఆయనకి గిట్టదు, నాకూ అంతే.

మొదటి రౌండు, అంటే నురుగు పూసి ముఖమంతా ఒకసారి గీయడం, హాయిగా సాగుతుంది. రెండో రౌండుకి బ్రష్షు చెంపకి తగలగానే భుజాలు ముడుచుకుంటారు, మెడ బిగుస్తుంది. బిగిసిన మెడ మీద, పల్చటి చర్మం మీద బ్లేడు నడపడం నాకు భయం. ఈ పని మొదలుపెట్టింది అందుకే.

కావలసింది ఇది: నురుగు కలిపిన దగ్గర్నుంచి చివరి సవరింపు దాకా, అంటే పావుగంట పాటు, బ్రష్షులోని నురుగు 40 డిగ్రీలకి తగ్గకూడదు, 45 దాటకూడదు. ముఖం పైచర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకన్నా కాస్త పైన ఉంటేనే వెచ్చగా తెలుస్తుంది. పైహద్దు పెద్దవాళ్ళ చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని పెట్టాను. 60 డిగ్రీల నీళ్ళు అయిదారు సెకన్లలోనే ఒళ్ళు కాల్చేస్తాయి. అక్కడికి దరిదాపుల్లోకి కూడా పోకూడదు.

ఒక మాట. గడ్డం మెత్తబడటానికి అసలు కారణం నీళ్ళు, వాటికిచ్చే సమయం. వెంట్రుక తన బరువులో మూడో వంతు దాకా నీళ్ళు తాగుతుంది, అందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. వేడి ఆ పనిని కొంచెం తొందర చేస్తుంది, అంతే. నేను వెచ్చదనం కోసం తాపత్రయపడుతున్నది నాన్న ఒళ్ళు సడలి కూర్చోవాలని.

మార్గశిరం మొదట్లో

ముందు ఉన్నదున్నట్టు కొలిచాను. వంటింట్లో వాడే పుల్ల థర్మామీటరు చాలు. పింగాణీ కప్పులో వేడినీళ్ళతో తడిపిన బ్రష్షు వేసి నురుగు కలిపితే, కలపడం అయ్యేసరికే 24. మొదటి రౌండు ముగిసేసరికి 17. బ్రష్షు గుబురులో, కుచ్చు మధ్యన మాత్రం 27.

ఇంత తొందరగా ఎందుకు పడిపోతోంది? తూకం వేశాను. ఒక గడ్డానికి కలిపే నురుగులో ఉన్న నీళ్ళు సుమారు 15 గ్రాములు. మిగతాది గాలి. గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడితే వదిలే వేడి 4.2 జౌళ్ళు (జౌలంటే వేడికి కొలమానం), కాబట్టి ఈ నురుగు మొత్తం పది డిగ్రీలు పడిపోవడానికి 630 జౌళ్ళు పోతే చాలు. అదే ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే 2400 జౌళ్ళ పైచిలుకు తీసుకుపోతుంది. అంటే నురుగులోంచి పావు గ్రాము నీరు ఆవిరైతే పది డిగ్రీలు హరీ. పావు గ్రామంటే అయిదారు చుక్కలు. బ్రష్షుతో గిరగిరా తిప్పుతున్నప్పుడు ఆ మాత్రం ఆవిరి తేలిగ్గా పోతుంది.

దానికి తోడు కప్పు. పావుకిలో పింగాణీ ఒక డిగ్రీ వేడెక్కడానికి 210 జౌళ్ళు తాగుతుంది. నురుగు దగ్గర డిగ్రీకి ఉన్నది 63. చల్లటి కప్పు నురుగుకి మూడింతల ఆకలితో కూర్చుని ఉంది. 12 డిగ్రీల కప్పులో 45 డిగ్రీల నురుగు వేస్తే, ఇంకెక్కడా వేడి పోకపోయినా, రెండూ కలిసి 20 దగ్గర ఆగుతాయి.

ఈ లెక్క నా ఆలోచనని మార్చింది. నురుగులో వేడిని దాచడం కుదరదు, దానికి ఆ సత్తువ లేదు. వేడి పక్కనే ఇంకెక్కడో నిలవుండాలి, పోయినప్పుడల్లా నురుగుకి అందుతుండాలి. ఏ పాత్ర ఎంచుకున్నా ఇక చూడవలసింది ఇదొక్కటే.

ఇదే తలనొప్పి వేరేచోట్లా ఉండేది. ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దంలో ‘స్కటిల్’ అనే పింగాణీ మగ్గు వాడేవాళ్ళు. టీ కూజాలా ఉంటుంది, ముక్కు మాత్రం బ్రష్షు దూరేంత వెడల్పు. లోపల వేడినీళ్ళు, పైన చిల్లుల పళ్ళెంలో సబ్బు. ఇప్పుడు చేసేవాటికి రెండు గోడలుంటాయి: గోడల మధ్య వేడినీళ్ళు, లోపలి గిన్నెలో నురుగు. అమెరికా సెలూన్లలో అయితే కరెంటుతో వెచ్చటి నురుగు పోసే యంత్రాలే వచ్చాయి. తెప్పించుకోవచ్చు గానీ, ఇక్కడ దొరికేవాటితో ఎందుకు కాదు అనిపించింది.

మార్గశిరం, సంత రోజు

వారపు సంతలో కుండలమ్మే పెద్దాయనకి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. రెండు గోడల గిన్నె, మధ్యలో నీళ్ళు. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, “చెయ్యడం పెద్ద పనేం కాదు మాష్టారూ. కానీ కుండలో నీళ్ళు చల్లబడాలనే కదా అందరూ కొనుక్కెళ్తారు. మీరేమో వెచ్చగా ఉండాలంటన్నారు,” అన్నాడు.

అక్షరాలా నిజం. మెరుగు లేని మట్టి గోడలోంచి నీరు సన్నగా ఊరుతుంది, బయట ఆవిరౌతుంది, లోపలి వేడిని పట్టుకుపోతుంది. వేసవిలో మనం దేవుడిలా చూసుకునే ఆ గుణమే ఇక్కడ పనికిరాదు. ఆయన దగ్గరున్న మట్టి మూకుడు ఒకటి తెచ్చి 70 డిగ్రీల నీళ్ళు పోసి చూస్తే, అంతే నీళ్ళున్న పింగాణీ గిన్నె కన్నా తొందరగా చల్లారింది, అడుగున తడి కూడా. మట్టి ఆలోచన అక్కడితో ఆపేశాను. ఊరగాయ జాడీకి మెరుగుంటుంది గానీ మూతి ఇరుకు, బ్రష్షు తిరగదు.

ఇత్తడి గిన్నె కూడా పక్కన పెట్టాను. అందులో రాత్రంతా నురుగు వదిలేస్తే పొద్దునకి పచ్చటి మరక. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిస్తే వచ్చేది అదే. అది నాన్న చర్మానికి తగలడం నాకిష్టం లేదు.

ధనుర్మాసం

ఇప్పుడు నీళ్ళ గిన్నెలో గిన్నె. పెద్ద స్టీలు గిన్నెలో ముప్పావు లీటరు వేడినీళ్ళు, అందులో నురుగు గిన్నె. ముప్పావు లీటరంటే డిగ్రీకి మూడు వేల జౌళ్ళ పైనే. నురుగుకి దాదాపు యాభై రెట్లు. అక్షయపాత్రే.

బయటి నీళ్ళు 80 డిగ్రీలున్నప్పుడు నురుగు పాడవుతుంది. గోడకి అంటుకున్న పొర వేడెక్కి బుడగలు పెద్దవై పగిలిపోతాయి, అంచున సబ్బు చెక్కు కడుతుంది. వేడికి నురుగులోని నీరు పల్చబడి బుడగల మధ్యలోంచి కిందికి జారుతుంది, పైన ఉన్నది ఆవిరైపోతుంది. 70 దగ్గర కూడా అంతే, కొంచెం నెమ్మదిగా. 55 నుంచి 60 మధ్యన బాగా కుదిరింది: నురుగు 42, 43 దగ్గర నిలబడింది, చిక్కదనం పోలేదు. మరీ చల్లబడినా మంచిది కాదు. గట్టి షేవింగ్ సబ్బులో స్టియరిక్ అనే కొవ్వు ఆమ్లం వంతు ఎక్కువ, చల్లనీళ్ళలో అది సరిగా కరగక నురుగు ముద్దగా, జిగట లేకుండా తయారవుతుంది. చలికాలంలో “ఈ సబ్బు నురుగు రావట్లేదు” అని చాలామంది సబ్బుని మార్చేస్తారు. ముందు నీళ్ళు మార్చి చూడమంటాను.

గిన్నె ఆకారం కూడా ముఖ్యమే. నురుగంటే గాలి, గాలిలోంచి వేడి సులువుగా పోదు. లోతు గిన్నెలో నురుగు కుప్పగా ఉంటే గోడ దగ్గరది వేడిగా, మధ్యలోది చల్లగా ఉంటుంది. వెడల్పు అడుగున్న గిన్నెలో పల్చగా పరిచి, తీసుకునే ముందు నాలుగు తిప్పులు తిప్పితే అంతా ఒకేలా వెచ్చబడుతుంది.

వేడి విషయంలో ఇది నెగ్గింది. వాడకంలోనే నెగ్గలేదు. లోపలి గిన్నె నీళ్ళమీద తేలి ఊగుతుంది, బ్రష్షు తిప్పితే నీళ్ళు నురుగులోకి చిందుతాయి. గిన్నె కింద పాత తువ్వాలుతో చుట్టకుదురు చేసి పెడితే ఊగడం తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషికి గడ్డం గీస్తూ, పక్కన తొణికే వేడినీళ్ళు పెట్టుకోవడం కుదిరే పని కాదు. సింకు ముందు నిలబడి తన గడ్డం తాను గీసుకునేవాళ్ళకి మాత్రం ఇదే చాలు, డబ్బు ఖర్చు కూడా లేదు. ఇంకేమీ చదవక్కర్లేదు, రేపు పొద్దున మొదలుపెట్టేయొచ్చు.

ధనుర్మాసం, తరువాతి వారం

అమ్మ వంటింట్లో రాచిప్పలో, అంటే బలపపు రాతిని తొలిచిన గిన్నెలో, కాచిన పులుసు దించింది. పొయ్యి ఆపాక కూడా చాలాసేపు కుతకుత ఉడుకుతూనే ఉంది. వేడి నిలవుండే చోటు కోసం ఊరంతా వెతుకుతుంటే అది ఇంట్లోనే ఉంది.

“అమ్మా, అది ఓసారి ఇస్తావా, నాన్న గడ్డానికి?”

“సబ్బు కంపు కొట్టే చిప్పలో ఇంక పులుసేం కాస్తానురా? నీకు కావాలంటే వేరేది తెప్పించుకో.”

న్యాయమే. రాయి వాసన పట్టేస్తుంది. పిన్ని అనంతపురం నుంచి వస్తూ చిన్నది ఒకటి తెచ్చిపెట్టింది. బరువు 1.2 కిలోలు, గోడ మందం వేలెడు, అడుగు భాగం వెడల్పు, లోన ముప్పావు లీటరు దాకా పడుతుంది. లోపల ఉలి గీతలు సన్నగా తెలుస్తాయి. ఆ గీతలే నాకు వరం. నున్నటి స్టీలు మీద బ్రష్షు జారిపోతుంది, గీతలున్నచోట సబ్బు తొందరగా నురుగెత్తుతుంది.

కొత్త రాచిప్పని వెంటనే వేడికి పెట్టకూడదు, పగిలిపోతుంది. మామూలుగా గంజి పోసి కొన్నాళ్ళు నానబెట్టి, నూనె, పసుపు రాసి, చిన్నమంట మీద అలవాటు చేస్తారు. నేను గంజి దగ్గరే ఆగాను. నూనె ఎక్కడున్నా నురుగు చచ్చిపోతుంది, రాతిలోకి ఇంకిన నూనె ఎన్నాళ్ళకి వదులుతుందో ఎవరు చెప్పగలరు? రోజూ గంజి మార్చి, తరువాత గోరువెచ్చని నీళ్ళు, ఆ తరువాత కాస్త వేడివి. మెల్లగా 80 దాకా తీసుకెళ్ళాను. మరుగుతున్న నీళ్ళు ఇప్పటికీ పోయను. మాది ఎత్తు ప్రాంతం కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి, అయినా రాతికి అది ఎక్కువే.

పుష్యం

రాచిప్ప లెక్క. ఈ రాయి కిలోకి, డిగ్రీకి వెయ్యి జౌళ్ళకి కాస్త తక్కువ పట్టుకుంటుంది. 1.2 కిలోలకి దాదాపు 1200. నురుగుకి పందొమ్మిది రెట్లు. నీళ్ళ గిన్నె అంత కాదు, కానీ తొణకదు, తేలదు, ఊగదు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. కాగులోంచి 80 డిగ్రీల నీళ్ళు తెచ్చి రాచిప్ప నిండా పోసి మూతపెడతాను. రాయీ నీళ్ళూ కలిసి కొద్ది నిమిషాల్లో 55 దగ్గరకి వస్తాయి. అప్పుడే బ్రష్షు అందులో వేస్తాను, ముందు వేస్తే పందివెంట్రుకల కుచ్చు పెళుసెక్కుతుంది, కుచ్చు మొదలుని పట్టి ఉంచే జిగురు కూడా వదులుతుంది. బ్రష్షు నానుతున్నంతసేపూ నాన్న ముఖానికి వేడినీళ్ళలో పిండిన తువ్వాలు కప్పి ఉంచుతాను, గడ్డానికి కావలసిన రెండు మూడు నిమిషాలు అక్కడ దొరుకుతాయి. తరువాత రాచిప్పలోని నీళ్ళు మగ్గులోకి ఒంపేసి, ఖాళీ రాతిలో సబ్బు రాసి నురుగు కలుపుతాను. ఒంపిన నీళ్ళు రేజరు కడగడానికి పనికొస్తాయి. ఒక్క చుక్క పారబోయనక్కర్లేదు.

కొలతలు: నీళ్ళు ఒంపగానే లోపలి గోడ 54. నురుగు కలపడం అయ్యేసరికి 43. మొదటి రౌండు చివర 41. రెండో రౌండు మధ్యలో 38కి పడింది. గది 9 డిగ్రీలు. రాయి బయటి ముఖం నుంచి వేడి ఎటూ పోతూనే ఉంది మరి. అమ్మ పాత నూలు చీరతో మందంగా చుట్టకుదురు చేసి, రాచిప్పని అందులో మెడదాకా కూర్చోబెట్టి, పైన చెక్క మూత పెట్టాను. బ్రష్షు పిడి బయటికి వచ్చేలా మూతకి ఒక పక్క గంటు. అప్పటినుంచి పావుగంట చివర నురుగు 41, రాయి 47. అనుకున్నది దక్కింది.

మూత చిన్న విషయంలా కనిపిస్తుంది. పావు గ్రాము ఆవిరి లెక్క గుర్తుంటే కాదు.

పుష్యం, భోగి ముందు

పాత్రకన్నా ఎక్కువ తేడా చూపించిన రెండు అలవాట్లు రాసుకోవాలి.

ఒకటి బ్రష్షు. వేడిని చెంప దాకా మోసుకెళ్ళేది అదే. రౌండుకీ రౌండుకీ మధ్య బ్రష్షుని సింకు అంచున నిలబెడితే కుచ్చు మధ్య 41 నుంచి 26కి దిగింది. మూత కింద, రాతి మీద పడుకోబెడితే 41 అలాగే ఉంది. మా వీధి సెలూన్ అన్నయ్యకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆయన థర్మామీటరు ఎరగడు, కానీ ముఖానికి పెట్టే ప్రతిసారీ బ్రష్షు కొసల్ని వేడినీళ్ళ మగ్గులో ఇలా తాకించి అలా తీస్తాడు. “మొత్తం ముంచితే నురుగు నీళ్ళయిపోద్ది మాష్టారూ. కొసలు చాలు.” నిజంగానే కొసలు చాలు. రాచిప్ప లేని ప్రయాణాల్లో నాకు ఇదొక్కటే పద్ధతి.

రెండోది ముఖమంతా ఒకేసారి పూయకపోవడం. చెంపమీద పరిచిన నురుగు సన్నటి పొర, ఒకవైపు చర్మం, ఇంకోవైపు చల్లగాలి. అక్కడ వెచ్చదనం నిమిషం కూడా ఉండదు. ముఖమంతా పూసి కుడిచెంప గీసి ఎడమకి వచ్చేసరికి అది చల్లబడి, అంచుల్లో ఎండి ఉంటుంది. అందుకని కుడిచెంప పూసి గీస్తాను, తరువాత ఎడమ, తరువాత పై పెదవి, గడ్డం, చివర్న మెడ. మెడ ఎప్పుడూ ఆఖరే, అక్కడి వెంట్రుకలకి ఎక్కువసేపు తడి అందాలి కాబట్టి తువ్వాలు తీయగానే మెడమీద పల్చగా ఒక పూత వేసి ఉంచుతాను, గీసేముందు మళ్ళీ వెచ్చటి పూత. మొదటి రౌండు వెంట్రుక వాలున, రెండోది అడ్డంగా. ఎదురు గీత నాన్నకి గీయను. అంత నున్నదనం ఆ చర్మానికి అక్కర్లేదు.

నురుగు కూడా మునుపటికన్నా కొంచెం తడిగా కలుపుతున్నాను. నీళ్ళు ఎక్కువుంటే వేడి నిలవా ఎక్కువే, బ్లేడు జారుడూ బాగుంటుంది. బ్రష్షు పైకెత్తితే మెత్తగా వంగే కొస నిలబడాలి, చుక్కగా కారకూడదు. ప్రతిసారీ నా మణికట్టు లోపలివైపు రాసుకుని చూశాకే ఆయన ముఖానికి. థర్మామీటరున్నా సరే, ఈ ఒక్కటి మానను.

భోగి నాడు చలి బాగా గట్టిగా ఉంది. తలంటు ముందు గడ్డం. రెండో రౌండులో నాన్న భుజాలు కదలలేదు. మెడ కింద చర్మాన్ని వేలితో లాగి పట్టుకుంటే తలని తనే వెనక్కి వాల్చి ఇచ్చారు. ఎక్కడా గాటు పడలేదు.

కనుమ దాటాక

“నురుగు బాగా కుదిరిందిరా. ఇప్పుడు ఆ రేజరే చల్లగా తగుల్తోంది,” అన్నారు నాన్న.

కొలిస్తే రేజరు తల 15 డిగ్రీలు. చుట్టూ అన్నీ వెచ్చబడ్డాక మిగిలిన చల్లటి వస్తువు అదే. దీన్ని వెచ్చబెట్టడం తేలిక: లోహం తక్కువ, డిగ్రీకి పాతిక జౌళ్ళు మించదు, 50 డిగ్రీల నీళ్ళలో రెండు మూడు సెకన్లు ముంచితే చాలు. చల్లబడటమూ అంతే తొందర, కాబట్టి రెండు మూడు గీతలకోసారి కడిగే నీళ్ళే వేడిగా ఉండాలి. రాచిప్పలోంచి ఒంపిన నీళ్ళు మగ్గులో రెండో రౌండు నాటికి 35కి వస్తున్నాయి. వెడల్పు మూతి ఉన్న పాత ఫ్లాస్కు ఒకటి అటక మీద ఉంది. లోపల స్టీలే, గాజు కాదు, రేజరు తగిలినా భయం లేదు. ఈ ఆదివారం దాన్ని దించి, 55 దగ్గర నీళ్ళు పోసి, సబ్బూ వెంట్రుకలూ పడుతుండగా పావుగంటలో ఎంతకి దిగుతుందో చూడాలి.